శిథిలాలకు దాతలు లేరు: హైతీ పునర్నిర్మాణం, రావుల్ పెక్ సినిమా

హైతీ గురించి తెలుగులో వచ్చిన రాతలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాటిలో కూడా ఆకలి, తుపాను, కూలిన ఇళ్ళు, చెయ్యి చాచిన పిల్లలు, ఇంతే. దళిత ఉద్యమం నల్లవాళ్ళ పోరాటాల నుంచి నేర్చుకుందని మనం సభల్లో చెప్పుకుంటాం. బానిసత్వాన్ని పోగొట్టడానికి పాటుపడిన అమెరికా ప్రజలకు ఫూలే 1873లో 'గులాంగిరి'ని అంకితమిచ్చారని చెబుతాం. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు రాసిన ఉత్తరం గురించి చెబుతాం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో చెబుతాం. కానీ తమ సంకెళ్ళు తామే తెంచుకుని, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804లో సొంత రాజ్యం నిలబెట్టుకున్న నల్లవాళ్ళ సంగతి మన ఉపన్యాసాల్లోకి రాదు. మనకు తెలిసిన నల్లవాళ్ళ చరిత్రంతా అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రే. ఎందుకిట్లా అయిందో మేము కూడా ఆలోచించలేదు, రావుల్ పెక్ తీసిన డాక్యుమెంటరీ చూసిందాకా.

2013లో వచ్చిన ఆ సినిమా పేరు 'ఆసిస్తాన్స్ మోర్తెల్'. 'ప్రాణం తీసే సాయం' అనుకోవచ్చు. 2010 భూకంపం తర్వాత హైతీలోకి వచ్చిన విదేశీ సాయం ఏమైందన్నది దాని కథ. జేమ్స్ బాల్డ్విన్ మీద 2016లో 'ఐ యామ్ నాట్ యువర్ నీగ్రో' తీసింది ఈ పెక్కే అంటే విద్యార్థులు కొందరు గుర్తుపడతారు. హైతీలో పుట్టినవాడు. 1996-97లో ఆ దేశానికి సాంస్కృతిక శాఖ మంత్రిగా కూడా పనిచేశాడు. ఈ మంత్రి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

2010 జనవరి 12 సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు భూమి కదిలింది. తీవ్రత 7.0. కేంద్రం రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కి పాతిక కిలోమీటర్ల దూరాన, లెయోగాన్ పట్నం దగ్గర. పదిహేను లక్షల మందికి ఇల్లు లేకుండా పోయింది. చనిపోయినవాళ్ళెందరో ఈనాటికీ తేలలేదు. హైతీ ప్రభుత్వం 3 లక్షల 16 వేలంది, వేరే అంచనాలు లక్ష దాకా దిగాయి. రెండు అంకెల మధ్య తేడాయే రెండు లక్షల ప్రాణాలు. బతికున్నప్పుడు ఏ లెక్కలోనూ లేని మనుషుల్ని చచ్చాక లెక్కపెట్టబోతే ఇట్లాగే ఉంటుంది. ఆరు వారాలకు, ఫిబ్రవరి 27న, చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైతీ భూకంపం కంటే కొన్ని వందల రెట్లు బలమైంది. అక్కడ చనిపోయినవాళ్ళు సుమారు 500. కాబట్టి 'ప్రకృతి వైపరీత్యం' అనే మాటను మనం అనుమానంగానే చూడాలి. భూమి కదలడం ప్రకృతి. ఎవరి ఇల్లు ఎవరి మీద కూలుతుందన్నది ప్రకృతి కాదు.

కొండ వాలుల మీద, వాగుల్లో, ఇనుము తక్కువ ఇసుక ఎక్కువ పోసి కట్టిన సిమెంటు దిమ్మెల ఇళ్ళలోకి లక్షల మంది ఎందుకు చేరారు? పెక్ ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగడు. మేము ఆగుతాం, ఎందుకంటే సాయం కథ 2010లో మొదలు కాలేదు.

1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మీ స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండన్నాడు. దేనికి? తోటల యజమానులు పోగొట్టుకున్న ఆస్తికి పరిహారం. ఆ ఆస్తిలో బానిసలూ ఉన్నారు. అంటే విడిపించుకున్నవాళ్ళు తమ ఒంటికి తామే వెల కట్టుకోవాల్సొచ్చింది. 1838లో దాన్ని 9 కోట్లకు దించారు. ఆ అప్పు కట్టడానికి ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే మళ్ళీ అప్పు. ఆఖరు బాకీలు తీరేసరికి 1947 వచ్చింది. మధ్యలో 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. అంతకు ముందే, 1914 డిసెంబరులో, అమెరికన్ సైనికులు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం పట్టుకుపోయారు. వెట్టి నుంచి బయటపడ్డవాడి నెత్తిన తరతరాల బాకీ పెట్టడం మనకు కొత్త సంగతి కాదు. ఇక్కడ దొర చేసింది అక్కడ ఒక దేశం ఇంకో దేశానికి చేసింది.

పందుల కథ ఇంకా దగ్గరిది. హైతీ రైతు ఇంటి దగ్గర చిన్న నల్లపంది ఉండేది. దొరికింది తింటుంది, జబ్బు చెయ్యదు. పిల్లాడి బడి ఫీజుకో, చావు ఖర్చుకో ఒకదాన్ని అమ్ముకుంటారు. అది వాళ్ళ బ్యాంకు. మన దగ్గర పందులు మేపి బతికిన ఎరుకల కుటుంబాలకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. 1970ల చివర పందులకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తగిలింది. అమెరికా దాకా పాకుతుందన్న భయంతో 1980ల మొదట్లో అమెరికా పూనుకుని, మొత్తం పది లక్షలకు పైగా పందుల్ని చంపించింది. జబ్బు ఉన్నదా లేనిదా అని చూడలేదు. బదులుగా అయోవా నుంచి తెల్లపందులు పంపించారు. వాటికి సిమెంటు నేల కావాలి, కొన్న దాణా కావాలి, మంచినీళ్ళు కావాలి. మనుషులకే లేనివి. 'నాలుగు కాళ్ళ రాజకుమారులు' అని పేరుపెట్టి నవ్వుకున్నారు రైతులు. నవ్వుకున్నారు గాని బ్యాంకు పోయింది. పిల్లలు బళ్ళు మానుకున్నారు.

తర్వాత వరి. 1995లో, ఐఎంఎఫ్ షరతుల కింద, దిగుమతి బియ్యం మీద సుంకాన్ని 35 శాతం నుంచి 3 శాతానికి దించారు. అమెరికా ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చిన ఆర్కాన్సా బియ్యం ఓడల్లో దిగింది. ఆర్తిబోనిత్ లోయలో వరి పండించేవాళ్ళు రాజధాని దారి పట్టారు. అట్లా వచ్చినవాళ్ళే ఆ కొండ వాలుల మీద ఇళ్ళు కట్టుకున్నది. ఆ విధానం నడిపిన అధ్యక్షుడు బిల్ క్లింటన్. భూకంపం తర్వాత రెండు నెలలకు, 2010 మార్చిలో, అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని ఆయన తప్పు ఒప్పుకున్నాడు. తన రాష్ట్రపు రైతులకు మేలు జరిగి ఉండొచ్చుగాని హైతీ తన తిండి తాను పండించుకునే శక్తి పోయిందన్నాడు. ఒప్పుకోవడం మంచిదే. కానీ ఒప్పుకున్న మనిషినే నెల తిరక్కముందే హైతీ పునర్నిర్మాణానికి పెద్దగా కూర్చోబెట్టారు.

ఇప్పుడు సినిమాలోకి వద్దాం.

2010 మార్చి 31న న్యూయార్క్‌లో దాతల సభ జరిగింది. రెండేళ్ళలో ఇస్తామన్న మొత్తం 530 కోట్ల డాలర్లు. ఆ డబ్బును నడిపించడానికి హైతీ పునరుద్ధరణ తాత్కాలిక కమిషన్ పుట్టింది. సహ అధ్యక్షులు ఇద్దరు: హైతీ ప్రధాని జాన్-మాక్స్ బెల్రీవ్, బిల్ క్లింటన్. ఓటున్న కుర్చీల్లో సగం హైతీ వాళ్ళవి, సగం విదేశాలవి. విదేశీ కుర్చీకి ధర ఉంది: కనీసం 10 కోట్ల డాలర్ల గ్రాంటు, లేకపోతే 20 కోట్ల అప్పు మాఫీ. పాటలో నెగ్గినవాడికి కుర్చీ అన్నట్టు. పెక్ కెమెరా ఈ కమిషన్ సమావేశాల్లోకి వెళ్ళింది. సినిమాలో మాకు అన్నిటికంటే విలువైనవి ఆ దృశ్యాలే. సూట్లు, నీళ్ళ సీసాలు, తెరమీద బొమ్మలు, ఒకరినొకరు పొగుడుకోవడం. కాగితాలు ముందుగా అందవు, చదవడానికి టైముండదు, చెయ్యెత్తమంటారు. 2010 డిసెంబరులో కమిషన్‌లోని హైతీ సభ్యులు మమ్మల్ని బొమ్మల్లా కూర్చోబెట్టారని లిఖితంగా నిరసన చెప్పారు. రిజర్వుడు సీట్లో గెలిచి, పంచాయతీ ఆఫీసులో నేల మీద కూర్చుని వేలిముద్ర వేసిన సర్పంచులు మనకు తెలుసు. కమిషన్‌లో వాళ్ళకు కుర్చీ అయితే వేశారు. అంతే తేడా. 2011 అక్టోబరులో కమిషన్ గడువు అయిపోయింది, ఎవరూ పొడిగించలేదు.

మరి డబ్బు ఎటు పోయింది? 2010 నుంచి 2012 చివరిదాకా ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు ఖర్చుపెట్టిన మొత్తం 643 కోట్ల డాలర్లని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక రాయబారి కార్యాలయమే లెక్క చెప్పింది. అందులో హైతీ ప్రభుత్వం చేతికి వచ్చింది నూటికి పది లోపు. హైతీ సంస్థలకూ కంపెనీలకూ నేరుగా వచ్చింది నూటికి ఒకటి కూడా కాదు. అమెరికా సాయం సంస్థ యుఎస్‌ఎయిడ్ డబ్బులో సగానికి పైగా వాషింగ్టన్ చుట్టుపక్కల కంపెనీలకే పోయింది. మొదటి నెలలో అమెరికా ఇచ్చిన ప్రతి డాలరులో మూడో వంతు అమెరికా సైన్యం ఖర్చుల కిందే జమ. ఈ సైన్యమే రాజధాని విమానాశ్రయాన్ని చేతిలోకి తీసుకుని, సైనిక విమానాలను ముందు దించి, డాక్టర్ల ఆపరేషన్ సామాను తెచ్చిన విమానాలను పక్క దేశానికి మళ్ళించింది. ఆ రోజుల్లో శిథిలాల కింద నుంచి మనుషుల్ని తీసిందెవరు? విదేశీ దళాలు ప్రాణాలతో తీసినవాళ్ళు రెండు వందల చిల్లర. మిగతా వేలమందిని తీసింది పక్కింటివాళ్ళు, ఒట్టి చేతులతో, గునపాలతో. టీవీలో మనం చూసింది మాత్రం హెల్మెట్లు పెట్టుకున్న విదేశీయుల్ని.

శిథిలాల గురించి పెక్ చూపించింది కాస్త ఆగి చెప్పుకోవాలి. నగరం నిండా కోటి ఘనపు మీటర్ల దాకా శిథిలాలున్నాయి. అవి తీస్తే తప్ప ఇల్లు కట్టలేరు, రోడ్డు వెయ్యలేరు. చిన్నపిల్లాడికీ తెలుసు. కానీ దాతలు ముందుకు రాలేదు. ఇంటికి డబ్బిస్తారు, బడికిస్తారు, ఆసుపత్రికిస్తారు, ముందు బోర్డు కట్టుకుని ఫోటో దిగొచ్చు. చెత్త ఎత్తడానికి ఎవరిస్తారు? ఎత్తాక అక్కడేం మిగలదు. ఖాళీ నేలకు శిలాఫలకం పెట్టలేరు. ఇల్లు ముందు, శిథిలం తర్వాత అన్నట్టు తలకిందులుగా నడిచిన ఈ పనిని సినిమా బాగా పట్టుకుంది. పట్టుకున్నా, ఒక అడుగు ముందుకు వెయ్యలేదు. శిథిలాలు మీటర్లలో కనిపిస్తాయిగాని వాటిని ఎత్తే చేతులు కనిపించవు. రోజు కూలికి తట్టలు మోసిన ఆడవాళ్ళు, శవాలను ట్రక్కుల్లో వేసి తితాన్యెన్ దగ్గర గుంటల్లో పూడ్చిన మనుషులు ఎవరు, ఎక్కడివాళ్ళు, తర్వాత ఏమయ్యారు?

ఈ ప్రశ్న మాకు తట్టడానికి కారణం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నంలో కుళ్ళిన శవాలను ఎత్తడానికి వేరే ఊళ్ళ మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని తీసుకొచ్చారు. వాళ్ళంతా దళితులే. చాలామందికి చేతి తొడుగులు కూడా లేవు. అదే సమయంలో, అదే తీరంలో, సహాయ శిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టారు, నీళ్ళ ట్యాంకు ముట్టనివ్వలేదు. దళిత హక్కుల సంఘాలు ఊరూరా తిరిగి ఇదంతా నమోదు చేశాయి. పడవ పోయినవాడికి పడవ ఇచ్చారు. ఆ పడవలో కూలికి పోయినవాడికి, ఉప్పు మడుల్లో పనిచేసినవాడికి, చేపలు తట్టలో మోసి అమ్మినామెకు పోయిందేమిటో రాయడానికి ఫారంలో గడే లేదు. వాళ్ళకు ఆస్తి నష్టం లేదట. హైతీలో జరిగింది చదువుతుంటే ఈ గడి లేని ఫారమే గుర్తొచ్చింది. అక్కడ ఇల్లు కోల్పోయినవాళ్ళలో ఎక్కువమంది అద్దెకున్నవాళ్ళు. స్థలం కాగితం లేదు కాబట్టి వాళ్ళకు ఇల్లు కట్టివ్వడం కుదరదన్నారు. చివరికి ఏడాది అద్దె కింద 500 డాలర్లు చేతిలో పెట్టి డేరాలు ఖాళీ చేయించారు. శిబిరంలో జనం తగ్గారు, ప్రగతి అని రాసుకున్నారు. దివిసీమ ఉప్పెన చూసిన పెద్దవాళ్ళు మన వాడల్లో ఇంకా ఉన్నారు. 1977లో నష్టాల జాబితా ఎవరి అరుగు మీద కూర్చుని రాశారో వాళ్ళనడగండి.

ఇళ్ళ లెక్కలు రెండు చెప్పి వదిలేస్తాం. అమెరికన్ రెడ్‌క్రాస్ హైతీ పేరు మీద దాదాపు 50 కోట్ల డాలర్లు వసూలు చేసింది. లక్షా 30 వేల మందికి గూడు కల్పించామంది. ప్రొపబ్లికా, ఎన్‌పీఆర్ విలేకరులు 2015లో వెళ్ళి వెతికితే తేలిన పక్కా ఇళ్ళు ఆరు. ఆరు వేలు కాదు, ఆరు. యుఎస్‌ఎయిడ్ 15 వేల ఇళ్ళు కడతామని మొదలుపెట్టి 2013 నాటికి ఆ లక్ష్యాన్ని 2,649కి కుదించుకుంది.

కరకోల్ సంగతి ఇంతకంటే చేదు. భూకంపం వచ్చింది దక్షిణాన. పునర్నిర్మాణం పేరుతో అన్నిటికంటే ఆర్భాటంగా పెట్టిన పని ఉత్తర తీరాన, ఒక్క గోడ కూడా బీటలివ్వని చోట: బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పారిశ్రామిక పార్కు. 2012 అక్టోబరులో ప్రారంభించారు. కొరియా కంపెనీ సే-ఆ అందులో ప్రధాన యజమాని. 60 వేలకు పైగా ఉద్యోగాలన్నారు, ఏనాడూ ఆ దరిదాపులకు పోలేదు. పార్కు కోసం 366 రైతు కుటుంబాలను, పచ్చటి పొలాల నుంచి, పంట చేతికి రాకముందే లేపారు. వాళ్ళు సంఘం కట్టి, పార్కుకు డబ్బిచ్చిన ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు మీద ఫిర్యాదు చేసి, ఏళ్ళ తరబడి కొట్లాడి 2018 డిసెంబరులో ఒప్పందం సాధించారు. గమనించాల్సింది ఇంకోటుంది. బట్టల ఫ్యాక్టరీలే హైతీకి దారి అని ఆర్థికవేత్త పాల్ కాలియర్ ఐక్యరాజ్యసమితికి నివేదిక ఇచ్చింది 2009 జనవరిలో. అంటే భూకంపానికి ఏడాది ముందు. అదే ఏడాది హైతీ పార్లమెంటు రోజుకూలిని 200 గూర్దులకు పెంచితే, ఫ్యాక్టరీ యజమానులు ఒప్పుకోక, కుట్టేవాళ్ళకు మాత్రం 125 చేయించుకున్నారు. మందు ముందే కలిపి పెట్టుకున్నారు, రోగి మంచాన పడేదాకా ఆగారు.

2010 అక్టోబరులో కలరా వచ్చింది. మీర్‌బాలే దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం మురుగు ఏరులో కలిసి, ఏరు ఆర్తిబోనిత్ నదిలో కలిసి, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు తగిలింది. సుమారు 10 వేల మంది చనిపోయారు, 8 లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు. బాధితులు అమెరికా కోర్టుకెళితే ఐక్యరాజ్యసమితి మీద కేసు నడవదన్నారు. 2016 డిసెంబరులో ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పాడు. చెయ్యాల్సినంత చెయ్యలేదని చెప్పాడుగాని తెచ్చింది మేమేనని చెప్పలేదు. 40 కోట్ల డాలర్ల నిధి అన్నారు, అందులో చిన్న ముక్క మాత్రం పోగైంది.

ఇంతవరకు పెక్‌తో మాకు పేచీ లేదు. పేచీ ఆయన జవాబుతోనే. సినిమా అంతటా వినిపించే ఆరోపణ ఒకటే: దాతలు హైతీ ప్రభుత్వాన్ని పక్కకు నెట్టారు. నిజమే. అధ్యక్షుడు ప్రెవాల్ కెమెరా ముందు కూర్చుని, 2010 నవంబరు ఎన్నికల రోజు ఐక్యరాజ్యసమితి ప్రతినిధి తనను విమానమెక్కించి దేశం దాటిస్తానన్నాడని చెబుతాడు. ఆ ప్రతినిధి కాదన్నాడు. ఏదేమైనా ఆ ఎన్నికల్లో రెండో రౌండుకు ఎవరు పోవాలో బయటివాళ్ళు తేల్చారన్నది జరిగిన సంగతే. కానీ ఆ పక్కకు నెట్టబడిన ప్రభుత్వం ఎవరిది? ఒకప్పుడు అందులో మంత్రిగా ఉన్న పెక్ ఈ ప్రశ్నను అడగాల్సినంత గట్టిగా అడగలేదు.

హైతీ క్రియోల్ భాషలో ఒక మాట ఉంది: 'మూన్ అన్‌దెయో'. బయటి మనుషులు అని అర్థం. పల్లెల్లో ఉండే నల్ల రైతుల్ని పట్నపు పెద్దమనుషులు అట్లా అంటారు. దేశంలో ఎక్కువమంది వాళ్ళే, అయినా దేశానికి బయటివాళ్ళే. చాలాకాలం వాళ్ళ జనన ధృవీకరణ పత్రాల మీద 'రైతు' అని వేరే ముద్ర ఉండేది. రాజ్యం నడిచింది ఫ్రెంచిలో, జనం మాట్లాడింది క్రియోల్. 1987 రాజ్యాంగం వచ్చిందాకా క్రియోల్‌కు ఫ్రెంచితో సమాన హోదా లేదు. ఛాయ తక్కువ నలుపున్న కొద్ది కుటుంబాల చేతిలో ఓడరేవులు, వ్యాపారం. పట్నం ఇళ్ళలో 'రెస్తావెక్' పేరుతో పల్లె పిల్లలు వెట్టి చేస్తారు. వెలివాడ అనే మాట ఉన్న భాషలో పుట్టిన మనకు 'బయటి మనుషులు' అంటే ఏమిటో నిఘంటువు అక్కర్లేదు. కులం, రంగు ఒకటని మేమనడం లేదు. అట్లా అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఊరికి బయట పెట్టే పని రెండు చోట్లా ఒకే రకంగా నడుస్తుందని మాత్రం అంటున్నాం.

2010లో సాయం సంస్థల సమన్వయ సమావేశాలు విమానాశ్రయం పక్క ఐక్యరాజ్యసమితి ఆవరణలో ఇంగ్లీషులో జరిగేవి. పాసు లేని హైతీ వాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. సరే, ఆ సమావేశాలు సచివాలయంలో ఫ్రెంచిలో జరిగి ఉంటే డేరాలో ఉన్న మనిషికి గేటు తెరుచుకునేదా? తర్వాత జరిగింది చూడండి. వెనెజువెలా చవగ్గా ఇచ్చిన పెట్రోలు మీద మిగిలిన పెట్రోకారిబ్ డబ్బు, సుమారు 200 కోట్ల డాలర్లు, దాతల షరతులేమీ లేకుండా హైతీ ప్రభుత్వాల చేతిలోనే పడింది. 2018లో 'పెట్రోకారిబ్ డబ్బెక్కడ?' అని కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 2019లో ఆ దేశపు ఆడిట్ కోర్టే పెద్దల పేర్లు రాసి నివేదిక ఇచ్చింది. పెక్ సినిమా 2013లో ఆగిపోయింది కాబట్టి దీనికి ఆయన్ను తప్పుపట్టలేం. కానీ సినిమా పెట్టిన లెక్క, దాత ఒకవైపు రాజ్యం ఒకవైపు, ఇక్కడ తప్పిందని మాత్రం చెప్పక తప్పదు.

రూపం గురించి కూడా ఒక మాట. సినిమా కథనం ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు మధ్య నడిచే ఉత్తరాల్లా ఉంటుంది. అందంగానే ఉంటుంది. బాధ ఉంది, కోపం ఉంది, చదువుకున్నవాళ్ళ అలసట ఉంది. డేరాల్లోని మనుషులు కనిపిస్తారు, మాట్లాడినా కొద్దిగానే మాట్లాడతారు. సినిమా అయ్యాక మాలో ఒకరు అడిగారు: ఇంత పెద్ద సినిమాలో ఆ ఆడమనిషి వంట దేనితో చేసుకుందో ఒక్కసారైనా చూపించాడా అని. మాకు గుర్తు రాలేదు.

ఇదంతా రాస్తూ మేము గట్టున లేమని మాకు తెలుసు. 1990ల నుంచి దళిత హక్కుల పనిలో విదేశీ నిధులు ఉన్నాయి. 2001లో డర్బన్ సభకు మనవాళ్ళు వెళ్ళి కులాన్ని ప్రపంచం ముందు పెట్టగలిగారంటే దానికీ టికెట్లు ఎవరో కొన్నారు. సునామీ తీరంలో దళితుల వివక్షను ఊరూరా నమోదు చేసిన పని కూడా గాలి తిని జరగలేదు. ఉద్యమంలోంచి ప్రాజెక్టులోకి, ప్రాజెక్టులోంచి రిపోర్టులోకి జారిపోయిన మిత్రులు మనందరికీ ఉన్నారు. మాలో కొందరం ఆ రిపోర్టులు రాసినవాళ్ళమే. అందులో 'లబ్ధిదారు' అన్న గడిలో మన అమ్మల పేర్లు నింపినప్పుడు చెయ్యి ఆగిందా అంటే, ఆగలేదు.

అట్లాగని విదేశీ డబ్బంతా కుట్ర అనే మాటలో గొంతు కలపలేం. ఆ మాట ఇవ్వాళ ఎవరి నోట వస్తోందో చూస్తున్నాం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో తెచ్చిన సవరణతో, పెద్ద సంస్థ తనకొచ్చిన డబ్బులో కొంత చిన్న సంస్థకు పంచడమే నిషేధం అయింది. ఆ దెబ్బ తగిలింది ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని అత్యాచార కేసుల వెంట తిరిగే చిన్న సంఘాలకు. అమెరికాలో యుఎస్‌ఎయిడ్‌ను 2025లో మూసేశారు. ఆ సంస్థను మేము పై పేరాల్లో తిట్టాం, ఆ తిట్లు వెనక్కి తీసుకోం. కానీ మూసినవాళ్ళు కరకోల్ రైతుల తరపున మూయలేదు. ఇచ్చేటప్పుడు అడగలేదు, ఆపేటప్పుడూ అడగలేదు. మా గొడవ ఈ అడగకపోవడంతో.

అడక్కపోయినా చెప్పినవాళ్ళు హైతీలో ఉన్నారు. 2010 వేసవిలో మాన్‌సాంటో కంపెనీ 475 టన్నుల హైబ్రిడ్ విత్తనాలు ఉచితంగా ఇస్తామంది. పందుల కథ మర్చిపోని రైతులు జూన్ 4న ఇంష్ పట్నంలో వేలమంది ఊరేగింపు తీసి ఆ విత్తనాలు కొన్ని తగలబెట్టారు. డేరాల్లో ఆకలితో ఉన్న దేశంలో ఉచితంగా వచ్చిన గింజను కాల్చడం! మన పత్రికలైతే కొవ్వెక్కిందని రాసేవి. ఈ ఊరేగింపు మీద ఇంకో సినిమా రావాల్సింది.

2021 జులైలో అధ్యక్షుడు మొయీజ్ హత్య జరిగింది. ఆగస్టు 14న దక్షిణ ద్వీపకల్పంలో 7.2 తీవ్రతతో మళ్ళీ భూకంపం వచ్చింది, రెండు వేలమందికి పైగా చనిపోయారు. తర్వాత రాజధానిలో చాలా భాగం సాయుధ ముఠాల చేతిలోకి పోయింది. ఇట్లాంటి రోజుల్లోనే, 2023 ఆగస్టులో, ఈశాన్యాన వానామాంత్ దగ్గర రైతులు ఆగిపోయిన ఒక కాలువ పనిని తామే మళ్ళీ మొదలుపెట్టారు. సరిహద్దు నది నుంచి పొలాలకు నీళ్ళు తెచ్చే కాలువ. పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్ సెప్టెంబరు 15న సరిహద్దు మూసేసింది. పని ఆగలేదు. ఊళ్ళవాళ్ళు బియ్యం, సిమెంటు, కూలి తెచ్చారు, వలస వెళ్ళినవాళ్ళు డబ్బు పంపారు. 'కాలువ ఆగదు' అని గోడల మీద రాసుకున్నారు. దాతల సభ జరగలేదు, కమిషన్ లేదు. కాలువలో నీళ్ళు పారాయి.